రణరంగములో హాస్యరసము

ఉత్తరకుమారుని ఎరుగని తెలుగువాడు ఉండడు. అంతఃపుర స్త్రీల నడుమ కూర్చుండి, కౌరవసేనను తానొక్కడే తరిమివేయగలనని బింకములు పలికినవాడు, ఆ సేన కంటబడినంతనే రథము దిగి పరుగు లంకించుకొన్నాడు. బృహన్నల వెంటబడి పట్టి తేవలసివచ్చినది. తిక్కన సోమయాజి విరాటపర్వములో ఈ ఘట్టమును చదివి నవ్వనివారు లేరు. ‘ఉత్తరకుమార ప్రగల్భములు’ అను మాట నేటికిని మన యిండ్లలో వాడుకలో నున్నది. అయితే ఆ నవ్వు వెనుక నిలిచియున్నది కురుక్షేత్రము. ఆ మహాయుద్ధములో మొదటినాడే ఉత్తరుడు శల్యుని చేతిలో మరణించినాడు. మనలను అంతగా నవ్వించినవాడు అంత త్వరగా నేలకొరిగినాడని జ్ఞప్తికి వచ్చినప్పుడు మన నవ్వు ఒక్కక్షణము ఆగిపోవును.

యుద్ధమును చూచి నవ్వవచ్చునా అను ప్రశ్న ఈ విధముగా మన వాఙ్మయములోనే కలదు. చలనచిత్రము వచ్చిన తరువాత ఆ ప్రశ్నకు పదును హెచ్చినది. కావ్యము జరిగిపోయిన యుద్ధమును గురించి చెప్పును. చలనచిత్రమో, యుద్ధము జరుగుచుండగనే ప్రదర్శనశాలకు చేరగలదు. ఆ చీకటిలో ప్రక్కప్రక్కన కూర్చున్నవారిలో ఒకరి కుమారుడు ఆ క్షణముననే రణరంగములో ఉండవచ్చును. ఇంకొకరి యింటికి ఆనాటి ఉదయమే తంతి వచ్చియుండవచ్చును. అట్టివారి యెదుట సైనికుని వేషము వేసి నవ్వించుట సాహసమా, నిర్దయయా? గడచిన నూరేండ్లకు పైబడిన కాలములో ఈ పరీక్షకు నిలిచిన కొన్ని చిత్రములను గురించి ఈ ప్రసంగములో ముచ్చటించుకొందము.

యుద్ధము వీర, రౌద్ర, భయానక, బీభత్స, కరుణ రసములకు నెలవు. ఆ పంక్తిలో హాస్యము పిలువని పేరంటమునకు వచ్చినట్లు కనిపించును. కాని హాస్యము వికృతమైన వేషమునుండి, వికృతమైన వాక్కునుండి, వికృతమైన చేష్టలనుండి పుట్టునని భరతముని నాట్యశాస్త్రములో చెప్పినాడు. ఆలోచించి చూచినచో ఈ మూడును యుద్ధములో ఉన్నంతగా మరెక్కడను లేవు. పతకముల బరువుతో వంగిన చొక్కాలు, కేకలతో నిండిన ఉపన్యాసములు, బొమ్మలవలె కాళ్ళెత్తి నడుచు దండులు! మహనీయములని మనము భయముతో చూచునవి వికృతములని గుర్తించినప్పుడే అచ్చట హాస్యము పుట్టును. మంచి హాస్యచిత్రము చేయు మొదటి పని యిదే.

మొదటి ప్రపంచయుద్ధము ముగియుచున్న రోజులవి. చార్లీ చాప్లిన్ అప్పటికే ప్రపంచప్రసిద్ధుడు. ఇంగ్లండులో పుట్టిన ఈ యువకుడు సైన్యములో చేరక అమెరికాలో చిత్రములు తీసికొనుచున్నాడని కొందరు నిందించిరి. 1918లో ఆయన డగ్లస్ ఫెయిర్‌బ్యాంక్స్, మేరీ పిక్‌ఫోర్డులతో కలసి యుద్ధఋణ పత్రముల ప్రచారమునకై అమెరికాలో పర్యటించినాడు. ఆ తరువాతనే యుద్ధమును గురించి హాస్యచిత్రము తీయదలచినాడు. ఇట్టి సమయములో యుద్ధముతో పరిహాసము ప్రమాదకరమని మిత్రులు హెచ్చరించిరి. అయినను ‘షోల్డర్ ఆర్మ్స్’ 1918 అక్టోబరు 20వ తేదీన విడుదలైనది. యుద్ధవిరామ సంధి నవంబరు 11వ తేదీన కుదిరినది. అనగా, చిత్రము ప్రదర్శింపబడిన తొలి మూడు వారములలోను ఫ్రాన్సు కందకములలో మనుష్యులు చచ్చుచునే యున్నారు.

ఆ చిత్రములో చార్లీ కవాతు రాని సైనికుడు. పాదములు రెండును చెరియొక దిక్కుగా తిరిగియుండును. కందకమునకు వచ్చునప్పుడు అతడు మూటలో ఎలుకలబోనును, వీపు గోకికొనుటకు తురుమును కోరమును తెచ్చుకొనును. కందకములలోని ఎలుకల బాధ, పేల బాధ ఎరిగినవారికి ఇది కేవలము పరిహాసము కాదు. వర్షమునకు నేలమాళిగ నీటితో నిండిపోవును. చార్లీ నీటి అడుగున పండుకొని గ్రామఫోను గొట్టము నోటబెట్టుకొని ఊపిరి పీల్చును. సీసా మూత తీయవలసివచ్చినప్పుడు దానిని కందకము పైకెత్తి చూపును. శత్రువుల తుపాకిగుండు ఆ పని చేసిపెట్టును. చెట్టు వేషము వేసికొని శత్రుభూమిలో తిరుగును. తుదకు కైజరునే పట్టి తెచ్చును. అంతలో మెలకువ వచ్చును. ఇంకను అతడు శిక్షణ శిబిరములోనే యున్నాడు, అంతయు కల!

ఈ చిత్రమునందొక చిన్న ఘట్టము కలదు. ఇండ్లనుండి ఉత్తరములు వచ్చును. అందరి పేర్లును పిలుతురు. చార్లీ పేరు పిలువరు. అతడు మెల్లగా మరియొక సైనికుని వెనుకకు చేరి, భుజము మీదుగా అతని ఉత్తరమును చదువును. ఆ సైనికుడు నవ్వినచోట ఇతడును నవ్వును. అతడు దిగులుపడినచోట ఇతడును దిగులుపడును. తనదికాని యింటి కబురుతో తన మనస్సు నింపుకొనుచున్న ఆ ముఖమును చూచినప్పుడు ప్రేక్షకుల నవ్వు గొంతులోనే నిలిచిపోవును. రణరంగమునుండి తిరిగివచ్చిన సైనికులకు ఈ చిత్రము ప్రీతిపాత్రమైనది. తమ బాధ ఎగతాళికి గురియైనదని వారు తలంపలేదు. తమ బాధ ఎరిగినవాడు తీసిన చిత్రమని తలంచిరి. యుద్ధహాస్యమునకు ఒక కొలత ఈ చిన్న ఘట్టములో మనకు దొరకును. ఏ చిత్రమైనను ఎంత నవ్వించినదని కాదు, నవ్వును ఎచ్చట ఆపినదని చూడవలెను.

ఇరువది రెండేండ్ల తరువాత చాప్లిన్ ఇదే పరీక్షకు మరల సిద్ధపడినాడు. ఈమారు ఎదుటివాడు హిట్లరు. ఇరువురును 1889 ఏప్రిల్ నెలలోనే పుట్టిరి. చాప్లిన్ 16వ తేదీన, హిట్లరు 20వ తేదీన. ఇరువురి మీసములును ఒకటే! ఈ పోలికయే ‘ది గ్రేట్ డిక్టేటర్’ కథకు బీజమైనది. ఒకడు టొమేనియా దేశపు నియంత హింకెల్. రెండవవాడు అతని రాజ్యములో అణగియున్న యూదు క్షురకుడు. రెండు పాత్రలను చాప్లినే ధరించినాడు. 1939 సెప్టెంబరు 1వ తేదీన జర్మనీ పోలెండుపై దండెత్తినది. కొలది దినములలోనే, అదే నెలలో, చాప్లిన్ చిత్రీకరణము ఆరంభించినాడు. అమెరికా అప్పటికి తటస్థముగా నున్నది. జర్మనీతో వ్యాపారము చెడునని హాలీవుడ్ సంస్థలు జంకుచుండెను. జర్మనీని బుజ్జగించు విధానమును యుద్ధమునకు పూర్వము అనుసరించిన ఇంగ్లండులోను ఈ చిత్రమును రానీయరను మాట వినవచ్చినది. చాప్లిన్ తన సొంత ధనమునే వెచ్చించి చిత్రమును పూర్తిచేసినాడు. 1940 అక్టోబరు 15న అది న్యూయార్కులో ప్రదర్శింపబడినది. ఆ డిసెంబరులో, జర్మను విమానములు బాంబులు కురిపించుచుండగా, లండను ప్రజలు దానిని చూచి నవ్విరి.

రేడియోలో పనిచేయువారికి ఈ చిత్రములో ఒక ఘట్టము మరపురాదు. హింకెల్ ఉపన్యసించుచుండును. అతని భాష జర్మనువలె వినిపించు అర్థరహితమైన గర్జన. ఆ గర్జనకు ఎదుటనున్న మైక్రోఫోను భయపడి వెనుకకు వంగిపోవును! అతడు ఎంతసేపో అరచిన దానిని దుబాసి రెండు మూడు చల్లని మాటలలో అనువదించి ఊరకుండును. హిట్లరు తన గొంతును రేడియో ద్వారా ఇంటింటికి పంపి, కోట్లమంది హృదయములను వశపరచుకొన్న కాలమది. ఆ గొంతులోని అర్థమును తీసివేసి నాదమును మాత్రమే మిగిల్చి వినిపించినాడు చాప్లిన్. మిగిలినది కేవలము కేక. వికృతమైన వాక్కు హాస్యహేతువని భరతుడు చెప్పినదానికి ఇంతకు మించిన ఉదాహరణము లేదు.

అట్టిదే భూగోళ నృత్యము. నియంత ఒంటరిగా తన గదిలో బుడగవంటి భూగోళమును చేతబట్టి, వాగ్నరు సంగీతమునకు తగినట్లుగా ఎగురవేయుచు, తన్నుచు, ఒడిసిపట్టుచు ఆడుకొనును. చివరకు అది చేతిలోనే పగిలిపోవును. ఆ వెంటనే మరియొక దృశ్యము. క్షురకుడు తన అంగడిలో బ్రామ్సు సంగీతపు లయకు సరిగా ఒక ముసలివానికి గడ్డము గీయును. ఇరువురు మనుష్యులు, ఒకే ముఖము. ఒకడు లోకమును ఆటవస్తువుగా చూచినాడు. రెండవవాడు తనకు తెలిసిన పనిని శ్రద్ధగా చేసినాడు. ఎవరు గొప్పవారో చాప్లిన్ మాటలతో చెప్పలేదు.

ఇంకొక ఘట్టములో కొందరు యూదులు నియంతను వధింప నిశ్చయించుకొందురు. ఆ పనికి పోవలసినవాడెవ్వడో తేల్చుటకు పిండివంటలో ఒక నాణెము దాచిపెట్టుటకు ఏర్పాటు జరుగును. నాణెము వచ్చినవాడు ప్రాణమునకు తెగించవలెను. అయితే హన్నా అను యువతి, ఈ పిచ్చిపనిని ఆపుటకై, అందరి గిన్నెలలోను ఒక్కొక్క నాణెము దాచిపెట్టును. ప్రతివాడును తన నాణెమును రహస్యముగా ప్రక్కవాని గిన్నెలోనికి జారవిడుచును. చార్లీ తనకు వచ్చిన నాణెములన్నిటిని మ్రింగివేయును. తరువాత వెక్కిళ్లు వచ్చినప్పుడెల్ల కడుపులోని నాణెములు గలగలమనును. వీరులు కావలెనని కూర్చున్నవారు వీరులు కాలేకపోవుట చూచి మనము నవ్వుదుము. కాని ఆ నవ్వులో అవహేళన లేదు. బ్రతుకవలెనను కోరిక సిగ్గుపడవలసిన దోషము కాదని ఆ నవ్వు చెప్పును.

తుదిలో క్షురకునే నియంతయని భ్రమించి వేదిక యెక్కింతురు. లక్షలాది సైనికులు ఎదుట. మైక్రోఫోను నోటి దగ్గర. అచ్చట చాప్లిన్ హాస్యమును పూర్తిగా విడిచిపెట్టినాడు. కొన్ని నిమిషములపాటు, దాదాపు కెమెరావైపే చూచుచు, మానవత్వమును గురించి, స్వేచ్ఛను గురించి మాటలాడినాడు. అదివరకు వంగిపోయిన మైక్రోఫోను ఇప్పుడు ఒక సామాన్యుని మాటను దూరముననున్న హన్నాకు చేర్చును. ఆ ఉపన్యాసము చిత్రమునకు అతుకలేదని నాటి విమర్శకులు పలువురు తప్పుపట్టిరి. శిల్పదృష్టితో చూచినచో వారి మాటలో కొంత నిజము లేకపోలేదు. అయితే 1940లో అచ్చటకూడ నవ్వించియుండినచో చాప్లిన్ కేవలము విదూషకుడుగానే మిగిలియుండెడివాడు. నవ్వును ఎచ్చట ఆపవలెనో ఆయన ఎరుగును.

అంతటి చాప్లినే తన చిత్రమును గురించి తరువాత సందేహించినాడు. 1964లో వెలువడిన ఆత్మకథలో, జర్మను నిర్బంధ శిబిరములలో జరిగిన ఘోరములు ముందుగా తెలిసియున్నచో ఆ చిత్రమును తీయలేకపోయెడివాడనని, ఆ హంతక ఉన్మాదమును చూచి నవ్వగలిగియుండనని వ్రాసినాడు. ఈ మాటను తేలికగా తీసికొనరాదు. ఆయన చిత్రములోని యూదులవాడలో కొట్లాటలున్నవి, అవమానములున్నవి. కాని అరువది లక్షలమందిని చంపిన యంత్రాంగము లేదు. 1940లో ఎవరి ఊహకును అది అందలేదు. అందుకనియే హాస్యము వ్యర్థమైనదని కొందరందురు. హాస్యము హిట్లరును ఆపలేదను మాట నిజమే. ఆ పని సైన్యములు చేసినవి. కాని ఆ గొంతును విని మోకరిల్లుటకు సిద్ధముగానున్న లోకమునకు, అది మోకరిల్లదగిన గొంతు కాదని సకాలములో చెప్పిన కొద్దిమందిలో ఈ విదూషకుడొకడు.

చాప్లిన్ ఎదుర్కొన్న ప్రశ్ననే మరింత కటువుగా ఎదుర్కొన్నవాడు ఎర్న్స్ట్ లూబిచ్. 1892లో బెర్లినులో యూదు కుటుంబమున పుట్టి, 1920వ దశకములో హాలీవుడ్ చేరిన దర్శకుడాయన. 1942లో వచ్చిన ‘టు బీ ఆర్ నాట్ టు బీ’ చిత్రములో వార్సా నగరపు నాటక సమాజమొకటి, జర్మను ఆక్రమణలో చిక్కుకొని, తమ నాటక వేషములతోనే గెస్టపోను మోసగించును. నటులకు ప్రాణభయముకంటె తమ నటన ఎట్లున్నదను చింతయే ఎక్కువ! చిత్రము విడుదలకు ముందే, 1942 జనవరి 16న, కథానాయిక కేరోల్ లాంబార్డు యుద్ధఋణ పత్రముల ప్రచారమునుండి తిరిగివచ్చుచు విమాన ప్రమాదములో మరణించినది. ఆ విషాదపు నీడలో చిత్రము వెలువడినది. ఒక జర్మను అధికారి, ఆ నటుడు షేక్స్పియరును చేసినట్లే తాము పోలెండును చేయుచున్నామని పరిహసించు మాటపై పెద్ద దుమారము లేచినది. వార్సా శిథిలములలో హాస్యమా అని పత్రికలు మందలించినవి. తాను పరిహసించినది నాజీలను, నటుల ఆత్మాభిమానమునే గాని పోలెండు ప్రజల కష్టమును కాదని లూబిచ్ సమాధానమిచ్చినాడు.

లూబిచ్ మాటకు సాక్ష్యము ఆ చిత్రములోనే కలదు. గ్రీన్‌బర్గ్ అను చిన్న నటుడొకడు ఎల్లప్పుడు బల్లెము పట్టుకొని వేదికపై నిలుచు వేషములే వేసినవాడు. ఎన్నటికైనను షైలాకు వేషము వేయవలెనని అతని కోరిక. చివరకు నాజీ సైనికుల నడుమ, ప్రాణములకు తెగించి, షైలాకు పలికిన మాటలను తన మాటలుగా పలుకును. తానును తక్కినవారివలెనే గాయపడు మనుష్యుడనని చెప్పును. అంతవరకు ఆ కోరిక ఒక పరిహాసము. ఆ క్షణమున అది పరిహాసము కాకుండ పోవును.

రెండవ ప్రపంచయుద్ధము ముగిసినపిమ్మట హాస్యము గతములోని వీరగాథలవైపు తిరిగినది. ఇటలీ దర్శకుడు మారియో మొనిచెల్లి 1959లో ‘లా గ్రాండే గ్వెర్రా’ తీసినాడు. మొదటి ప్రపంచయుద్ధములో ఇటలీ సుమారు 6 లక్షలమంది సైనికులను కోల్పోయినది. ఆ యుద్ధమును పవిత్రగాథగా చెప్పుకొను దేశములో పని తప్పించుకొను ఇద్దరు సోమరులను నాయకులుగా చూపుట పత్రికలలో వివాదమునకు దారితీసినది. అల్బెర్టో సోర్డి, విట్టోరియో గాస్మన్ ఆ పాత్రలను ధరించిరి. రెండు గంటలపాటు ఇద్దరును యుద్ధమును తప్పించుకొను ఉపాయములతో మనలను నవ్వింతురు. తుదకు ఆస్ట్రియనుల చేత చిక్కుదురు. రహస్యము చెప్పి బ్రతుకవలెనని సిద్ధపడుచుండగా, శత్రువు అధికారి తమ జాతి ధైర్యమును తేలికగా పరిహసించుట విని ఒకడు మాట బిగబట్టి మరణించును. రెండవవాడు తనకేమియు తెలియదని, తాను పిరికివాడనని మొరపెట్టుకొనుచునే కాల్పులకు గురియగును. ఇద్దరును ఈమారుకూడ తప్పించుకొన్నారని వారి నాయకుడు విసుగుకొనును. మన ఉత్తరుని కథకు ఇంత దగ్గరగా వచ్చిన చిత్రము మరియొకటి లేదు. ఆ సంవత్సరము వెనిస్ ఉత్సవములో ఇది రొసెల్లీని చిత్రముతోపాటు స్వర్ణసింహ బహుమానమును పంచుకొన్నది.

ఈ చిత్రములన్నిటిలోను నవ్వు ఆగుటకు ఒక మనుష్యుని ముఖము కావలసివచ్చినది. అణ్వస్త్రములు వచ్చినపిమ్మట ఆ ముఖముకూడ మిగులునను నమ్మకము పోయినది. 1962 అక్టోబరులో క్యూబా క్షిపణుల తగవు లోకమును యుద్ధపుటంచునకు తెచ్చినది. అమెరికా వాయుసేన అణుబాంబులు మోసెడి విమానములను ఆ దశకములో చాలకాలము నిరంతరము ఆకాశమున తిప్పుచుండెడిది. స్టాన్లీ క్యూబ్రిక్, పీటర్ జార్జ్ వ్రాసిన గంభీరమైన నవలను గంభీరముగానే చిత్రింపదలచినాడు. కాని కథను పెంచుకొనుచు పోగా, నిజమునకు మిక్కిలి దగ్గరగా ఉన్న వివరములే నవ్వు పుట్టించుచున్నవని గ్రహించి, దానిని ప్రహసనముగా మార్చినాడు. అదియే 1964 జనవరి 29న విడుదలైన ‘డాక్టర్ స్ట్రేంజ్‌లవ్’.

ఒక సేనాని మతి చలించి, త్రాగునీటిలో కుట్ర యున్నదని నమ్మి, రష్యాపైకి విమానములను పంపును. వానిని వెనుకకు పిలుచు రహస్యాక్షరములను కనుగొన్న అధికారికి రాష్ట్రపతికి టెలిఫోను చేయుటకు చిల్లర దొరకదు! శీతలపానీయముల యంత్రమును పగులగొట్టి నాణెములు తీయుమన్నచో, అది పరుల సొత్తని సైనికుడు సందేహించును. లోకము కాలిపోవుచున్నను ఆస్తి హక్కుకు భంగము రారాదు. యుద్ధమందిరములో కలియబడిన ఇద్దరిని, ఇది యుద్ధమందిరమని రాష్ట్రపతి మందలించును. రష్యనులవద్ద సర్వనాశక యంత్రమొకటి కలదు. శత్రువును భయపెట్టుటకు నిర్మించిన ఆ యంత్రమును వారు ఇంకను ఎవ్వరికిని చెప్పకుండ దాచియుంచిరి! నాటి అణునీతిలో పండితులు గంభీరముగా వ్రాసిన వాదములకును ఈ పరిహాసములకును నడుమ ఎడము వెంట్రుకవాసియే.

ఈ చిత్రమునకుకూడ నవ్వు ఆగిన చోటు ఒకటి వచ్చినది. అయితే అది తెరపై కాదు. 1963 నవంబరు 22న విమర్శకులకు చూపుటకు ఏర్పాటైన నాడే డాలస్ నగరములో అధ్యక్షుడు కెనెడీ హత్యకు గురియైనాడు. ప్రదర్శనము ఆపివేసిరి, విడుదలను వాయిదా వేసిరి, పాత్ర నోట హాస్యముగా వచ్చిన డాలస్ పేరునుకూడ మార్చివేసిరి. తెరపైన మాత్రము క్యూబ్రిక్ నవ్వును ఆపలేదు. బాంబుపై గుఱ్ఱమెక్కినట్లు కూర్చున్న విమానచోదకుడు టోపీ ఊపుచు నేలమీద పడును. తియ్యని పాత పాట వినిపించుచుండగా అణుమేఘములు ఒకదానివెంట ఒకటి లేచును. నవ్వును ఆపవలసిన బాధ్యతను ఆయన ప్రేక్షకులకే విడిచినాడు.

ఈ సంప్రదాయము నేటికిని తెగిపోలేదు. 2019లో న్యూజిలాండు దర్శకుడు టైకా వైటీటీ ‘జోజో రాబిట్’ చిత్రములో పదేండ్ల జర్మను బాలుని ఊహలో నివసించు హిట్లరు వేషము తానే వేసి నవ్వించినాడు. ఆ చిత్రములో తల్లి బూట్లను పలుమారులు చూపుదురు. ఆమె నాట్యమాడునప్పుడు, నడచునప్పుడు. తరువాత నగరమధ్యమున బాలుడు తన కంటికెదురుగా గాలిలో నిలిచియున్న ఆ బూట్లనే చూచును. ఎవ్వరును ఏమియు చెప్పనక్కరలేదు. నూరేండ్ల క్రిందట చార్లీ పరుల ఉత్తరము చదివిన చోట ఆగిన నవ్వే ఇచ్చటను ఆగినది.

కావున యుద్ధమును చూచి నవ్వవచ్చునా అను ప్రశ్నకు ఈ చిత్రములే సమాధానము. యుద్ధము తెచ్చినవానిని చూచి నవ్వవచ్చును. వాని గర్జనను, వాని పతకములను, వాని తర్కమును చూచి నవ్వవచ్చును. భయపడిన సామాన్యుని చూచికూడ నవ్వవచ్చును. ఆ భయము మనలోను కలదని ఎరిగి నవ్వినప్పుడు. కాని గాయపడినవానిని చూచి నవ్వరాదు. అతడు తెరమీదికి వచ్చినప్పుడు హాస్యము ప్రక్కకు తప్పుకొనవలెను. ఈ హద్దును తప్పిన చిత్రములుకూడ ఎన్నియో వచ్చినవి, పోయినవి.

పారిపోయిన ఉత్తరుని అర్జునుడు అవమానింపలేదు. ధైర్యము చెప్పి, రథము నడుపుమని పగ్గములు చేతికిచ్చినాడు. ఆ బాలుడు వణకుచునే రథము నడిపినాడు. మనము మొదట నవ్వినది అతని ప్రగల్భములను చూచి. పగ్గములు పట్టుకొన్న ఆ చేతులను చూచి కాదు.